అడవిలో తప్పిపోయినవారిని వెతకడం: నల్లమల అంచు గ్రామాల స్వచ్ఛంద కార్యకర్తలకు సమగ్ర మార్గదర్శి

శివరాత్రి ముందు రోజుల్లో ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలానికి నడిచే భక్తులు, చైత్ర పౌర్ణమికి సలేశ్వరం లోయలోకి దిగే యాత్రికులు, వేసవిలో తునికాకు కోతకు వెళ్లేవారు, మేకల వెంట పోయిన పిల్లలు, ఇంటి దారి గుర్తు లేక పొలాల మీదుగా నడిచిపోయిన వృద్ధులు: నల్లమలలో దారి తప్పేవారు ఇలాంటివారే. కబురు ఊళ్లోకి వచ్చిన వెంటనే కర్రలు, టార్చిలైట్లు పట్టుకుని ఊరు ఊరంతా అడవిలోకి బయలుదేరుతుంది. ఆ పరుగు వెనకున్న మనసు గొప్పదే. కానీ అడుగుజాడలను చెరిపేసేదీ, పోలీసు జాగిలానికి వాసన చిక్కకుండా చేసేదీ, ఒకరిని వెతకబోయి మరో ఇద్దరిని పోగొట్టేదీ ఆ పరుగే. తొందర ఉండవలసింది అడవిలోకి దూరడంలో కాదు, సమాచారం రాబట్టడంలో, దారులు కాయడంలో. దాన్ని ఆచరణలో ఎలా పెట్టాలో చెప్పడానికే ఈ వ్యాసం.

ఇది పోలీసు, అటవీ శాఖల పనిని మన చేతుల్లోకి తీసుకోవడానికి రాసినది కాదు. నల్లమలలో చాలా భాగం ఆంధ్రప్రదేశ్ వైపు నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం, తెలంగాణ వైపు అమ్రాబాద్ పులుల అభయారణ్యం పరిధిలో ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా అభయారణ్యంలో అడుగు పెట్టడం నేరం, గాలింపు కోసమైనా సరే. కాబట్టి స్వచ్ఛంద జట్టు ఎప్పుడూ అధికారుల కింద, వారికి తెలిసి, వారి జాబితాలో పేరు రాయించుకుని పని చేయాలి.

మొదటి గంట: ఫోన్లు, ప్రశ్నలు, కాపలా

మనిషి కనిపించడం లేదని తెలిసిన వెంటనే 112కు ఫోన్ చేయాలి. 24 గంటలు ఆగితేగాని పోలీసులు ఫిర్యాదు తీసుకోరన్న మాట ఊళ్లలో బలంగా నాటుకుపోయింది. అలాంటి నియమమేదీ లేదు, ఆ అపోహ వల్ల పోయే సమయం మళ్లీ రాదు. 112 తర్వాత అటవీ శాఖ బీట్ ఆఫీసరుకు, వీలైతే రేంజ్ ఆఫీసరుకు నేరుగా చెప్పాలి, ఎందుకంటే ఆ చుట్టుపక్కల ఉన్న బేస్ క్యాంపుల్లోని (అడవి లోపలి కాపలా శిబిరాల్లోని) సిబ్బందికి వైర్‌లెస్ సెట్లో కబురు పంపగలిగేది వారే.

ఎందుకింత తొందర అన్నది ఒక చిన్న లెక్కతో తేలిపోతుంది. అడవిలో మనిషి గంటకు 2 కిలోమీటర్లు నడుస్తాడనుకుందాం. ఒక గంట తర్వాత అతను ఉండగల ప్రదేశం 2 కిలోమీటర్ల వ్యాసార్ధం గల వృత్తం, అంటే సుమారు 12.6 చదరపు కిలోమీటర్లు. రెండు గంటలకు అది 50 అవుతుంది, నాలుగు గంటలకు 201. సమయం రెట్టింపైతే వెతకవలసిన నేల నాలుగింతలవుతుందన్న మాట. అందుకే మొదటి గంటలో చేయగలిగిన అత్యుత్తమమైన పని మనిషి ఇంకా దూరం పోకుండా ఆ వృత్తాన్ని కట్టడి చేయడం. అడవిలోంచి బయటికి వచ్చే ప్రతి బండిదారి మొదట్లో, వాగు రోడ్డును దాటే ప్రతి చప్టా దగ్గర, కూడళ్లలో ఇద్దరిద్దరిని నిలబెట్టాలి. రహదారి మీద వాహనాలను మెల్లగా తిప్పుతూ హారన్ కొట్టి, ఆపి, ఇంజన్ ఆర్పి వినాలి. ఊళ్లో గుడి మైకు ఉంటే తప్పిపోయిన మనిషిని పిలిచే ముద్దుపేరుతో, తెలిసిన గొంతుతో పిలిపించాలి. రాత్రిపూట నిశ్శబ్దంలో మైకు శబ్దం చాలా దూరం పోతుంది, దాన్ని విని దిక్కు పట్టుకునే అవకాశం ఉంటుంది. డప్పు కూడా అంతే. అయితే తప్పిపోయినవారికి కనపడాలని వేసవిలో మంటలు వేయకూడదు. ఎండుగడ్డి ఉన్న కొండ మీద ఒక నిప్పురవ్వ చాలు, గాలింపు కాస్తా అగ్నిప్రమాదమవుతుంది. 2018 మార్చిలో తమిళనాడులోని కురంగణి కొండల్లో కార్చిచ్చు ట్రెక్కింగ్‌కు వెళ్లినవారిని చుట్టుముట్టి అనేక ప్రాణాలు తీసిన సంగతి మనం మరచిపోరాదు. వాహనాల లైట్లు చాలు.

పిల్లలు తప్పిపోయినప్పుడు అడవి కంటే ముందు ఇల్లు వెతకాలి. మంచం కింద, ధాన్యం గాదె వెనక, గడ్డివాములో, తాళం వేసిన గదిలో, ఆగి ఉన్న కారులో చూడాలి. బావులు, నీటి తొట్లు, చెరువుగట్లు, మూత లేని బోరుబావి గుంతలు అన్నింటినీ ఒక మనిషి బాధ్యత తీసుకుని చూసి, చూసినట్టు చెప్పాలి. "అందరూ చూశారు" అన్న మాటను ఒప్పుకోకూడదు. ఎవరు చూశారు, ఎప్పుడు చూశారు అని అడగాలి.

కుటుంబాన్ని అడగవలసినవి

ఈ పనికి ఓర్పు ఉన్న ఒకరిని, వీలైతే ఒక మహిళను, పూర్తిగా కేటాయించాలి. పదిమంది చుట్టూ మూగి పది ప్రశ్నలు వేస్తే ఆందోళనలో ఉన్న తల్లి ఒకరికి ఎర్రచొక్కా అని, మరొకరికి నీలం అని చెబుతుంది, ఆ రెండు జాబితాలూ అడవిలో రెండు జట్లను రెండు దారులు పట్టిస్తాయి. పక్కగదిలో కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఒక్కరే అడిగి కాగితం మీద రాసుకోవాలి.

చివరిసారి ఎవరు, ఎక్కడ, ఎన్ని గంటలకు చూశారు, ఏ వైపు నడిచారు అన్నది తొలి ప్రశ్న. ఇక్కడ రెండు చోట్లను వేరువేరుగా పటం మీద గుర్తించాలి: కళ్లారా చూసిన చోటు ఒకటి, కచ్చితమైన ఆనవాలు వల్ల మనిషి అక్కడ ఉన్నాడని తెలిసిన చోటు మరొకటి, ఉదాహరణకు నిలిపి ఉన్న మోటారు సైకిల్. ఆ తర్వాత ఒంటి మీది బట్టల రంగు, చెప్పుల రకం, అడుగుభాగం మీది గీతల తీరు (ఇంట్లో అదే సైజు మరో జత ఉంటే దాన్ని ఫొటో తీసుకోవాలి), ఎత్తు, బరువు, వాడే మందులు, చక్కెర వ్యాధి, మూర్ఛ, వినికిడి, చూపు, ఫోన్‌లో మిగిలిన ఛార్జింగ్, చేతిలో నీళ్ల సీసా ఉందా లేదా, అడవి ఎంత తెలుసు, ఈత వచ్చా, కుక్కలంటే భయమా అని అడగాలి. చివరికి, ఎంత ఇబ్బందిగా ఉన్నా, ఒంటరిగా ఒక ప్రశ్న అడిగి తీరాలి: ఇంట్లో గొడవ జరిగిందా, అప్పుల మాట ఏమైనా ఉందా, "నేను పోతాను" అన్న మాట ఎప్పుడైనా అన్నారా? ఈ ఒక్క జవాబు గాలింపు దిశనే మార్చేస్తుంది. దిగులుతో ఇల్లు విడిచినవారు చాలాసార్లు మరీ దూరం పోరు. తమకు ఇష్టమైన బండ మీదనో, చెరువు ఒడ్డుననో, ఎవరికీ కనపడని చోటనో ఉంటారు, పిలిస్తే పలకరు.

ఫోన్ మోగుతూ ఉంటే కుటుంబసభ్యులందరూ ఒకేసారి ఫోన్ చేయకుండా ఆపాలి. బ్యాటరీ ప్రాణంతో సమానం. మాట అందని బలహీన సిగ్నల్‌లో కూడా కొన్నిసార్లు ఎస్సెమ్మెస్ వెళుతుంది, కాబట్టి "ఉన్న చోటే కూర్చోండి, నీడలో ఉండండి, గంటకొకసారి ఫోన్ ఆన్ చేయండి" అని సందేశం పంపాలి. టవర్ ఆధారంగా ప్రాంతాన్ని గుర్తించమని టెలికాం సంస్థను అడిగే అధికారం పోలీసులది, ఆ పనిని వారికి గుర్తు చేయడం మాత్రం మనది.

జాగిలం కోసం ఒక బట్టను ఈ దశలోనే భద్రపరచాలి. ఉతకని, ఆ మనిషి ఒక్కరే తొడిగిన బనియనో, తలగడ గలీబో తీసుకుని, దాన్ని చేత్తో పట్టుకోకుండా శుభ్రమైన కాగితపు సంచిలోకి జార్చి మూసేయాలి. ఇంటిల్లిపాదీ చేతులు మారిన బట్ట జాగిలానికి పనికిరాదు.

చెంచులను ముందు నిలపండి

నల్లమలలో గాలింపుకు చెంచులకు సాటి వచ్చే సాధనం నాకు తెలిసి మరొకటి లేదు. ఏ వాగు ఏ నెలలో ఎండుతుందో, ఏ బండ కింద చెలమ తవ్వితే నీరు ఊరుతుందో, ఎలుగుబంటి ఏ గుహలో పడుకుంటుందో, విరిగిన పుల్ల నిన్నటిదో ఇవాళ్టిదో వారు చూసి చెప్పగలరు. అటవీ శాఖ కూడా పులుల జాడ తీయడానికి, బేస్ క్యాంపుల్లో కాపలాకు వారినే నియమించుకుంటోంది. దగ్గరి పెంటలోకి (చెంచుల గూడెంలోకి) తొలి గంటలోనే మనిషిని పంపి పెద్దలను పిలిపించాలి.

వారిని పిలిచేటప్పుడు మర్యాద గురించి ఒక మాట చెప్పక తప్పదు. దారి చూపే మనిషిని ముందు నడిపించి, తిండి వేళకు వెనక్కి నెట్టే తీరును మానుకోవాలి. జాడ తీసే చెంచు పెద్ద ఆ జట్టుకు నాయకుడు. ఆయన ఆగమంటే ఆగాలి, తిరుగుదామంటే తిరగాలి. రోజు కూలీ, భోజనం, తిరిగి పెంట వరకు చేర్చే వాహనం ఈ మూడింటినీ ముందే ఒప్పుకుని, మాట నిలబెట్టుకోవాలి.

జాడ తీయడానికి ఉదయం, సాయంత్రం ఏటవాలు వెలుతురు మంచిది; నడినెత్తిన ఎండలో అడుగుముద్రల నీడలు కనపడవు. ముద్ర దొరికితే దాని మీద కాలు పెట్టకుండా పక్కగా నడవాలి, చుట్టూ రాళ్లు పేర్చి గుర్తు పెట్టాలి, పక్కన అగ్గిపెట్టెనో స్కేలునో ఉంచి ఫొటో తీయాలి. కర్ర మీద ఒక అడుగుకూ మరో అడుగుకూ మధ్య దూరాన్ని గుర్తు పెట్టుకుంటే, తర్వాతి ముద్ర ఎక్కడ ఉండాలో ఆ కర్రే చూపుతుంది. ముద్ర పోయిన చోట నలువైపులా తిరిగి చెరిపేయకుండా, చివరి ముద్ర దగ్గర ఒకరిని నిలబెట్టి, ముందున్న బండిదారికి లేదా వాగు ఇసుకకు పోయి అక్కడ అడ్డంగా వెతకాలి. ఇసుకలో, బురదలో, దుమ్ములో ముద్ర తప్పక పడుతుంది. ముద్ర లేకపోవడం కూడా సమాచారమే: మనిషి ఆ దారిని దాటలేదన్నమాట.

ఎవరు ఎక్కడికి పోతారు

దారి తప్పిన మనిషి తిన్నగా నడుస్తున్నాననుకుంటూ గుండ్రంగా తిరుగుతాడని పెద్దలు చెప్పేది నిజమే. 2009లో జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు అడవిలోనూ సహారా ఎడారిలోనూ మనుషులను నడిపించి చూసినప్పుడు, సూర్యుడో చంద్రుడో కనపడనప్పుడు వారు తెలియకుండానే తమ దారిని తామే దాటుతూ తిరిగారని తేలింది. మబ్బు పట్టిన రోజున తప్పిపోయినవారు మొదటి చోటికి మనం అనుకునేదాని కంటే దగ్గరలో ఉండవచ్చు.

అయితే వయసును బట్టి, స్థితిని బట్టి నడత మారుతుంది. మూడేళ్ల లోపు పిల్లలకు తాము తప్పిపోయామన్న స్పృహే ఉండదు. అలసిపోతే పొదలోకి దూరి నిద్రపోతారు, పిలుపు వినపడ్డా పలకరు, అందుకే పొద పొదనూ వంగి చూడాలి. కాస్త పెద్ద పిల్లలు తెలియనివాళ్లు పిలిస్తే కొడతారేమోనని దాక్కుంటారు. వారి కోసం అమ్మ గొంతును రికార్డు చేసి వినిపించడం, బడిలో స్నేహితుడి పేరు చెప్పి పిలవడం పనికొస్తాయి. మతిమరుపు వ్యాధి ఉన్న వృద్ధులు ఒకసారి నడక మొదలుపెడితే ఏదో అడ్డు తగిలే దాకా నడుస్తూ పోతారు, ముళ్లకంపలో చిక్కుకున్నా వెనక్కి తిరగరు, సాయం అడగరు. వారిని పాత ఇంటివైపు, పుట్టిన ఊరివైపు, ఒకప్పుడు పని చేసిన చేనివైపు వెతకాలి. యాత్రికులు దారి చీలే చోట, ముఖ్యంగా చీకటి పడ్డాక, పశువుల దారిని కాలిదారి అనుకుని తప్పుతారు. తునికాకు కోసేవారికీ కాపరులకూ అడవి తెలుసు కాబట్టి, వారు రాకపోతే దారి తప్పడం కంటే జారిపడటం, పాము కాటు, ఎలుగుబంటి దాడి, వడదెబ్బ వంటివి ముందు అనుమానించాలి.

వేసవిలో చాలామంది నీటికోసం దిగువకే పోతారు. కాబట్టి వాగుల వెంట, కుంటల చుట్టూ, అటవీ శాఖ జంతువుల కోసం కట్టిన సాసర్ తొట్ల దగ్గర తొలి చూపు పడాలి. వానాకాలంలో లెక్క తలకిందులవుతుంది: వాగు పొంగితే మనిషి అవతలి ఒడ్డున చిక్కుకుని, దాటలేక కూర్చుని ఉంటాడు.

తొలి జట్లు, పటం, జీపీఎస్

ఇప్పుడు మాత్రమే అడవిలోకి దిగాలి. తొలి జట్లు చిన్నవిగా, ముగ్గురు నలుగురితో, చురుకుగా ఉండాలి. వారి పని ప్రతి అంగుళాన్ని గాలించడం కాదు; కాలిదార్ల వెంట, వాగుల వెంట, గుహల దగ్గరికి, పాడుబడ్డ మండపాల దగ్గరికి, ఎత్తైన బండల మీదికి త్వరగా పోయి చూసి రావడం. ఒకరు దారి చూస్తే, ఒకరు రాసుకోవాలి, ఒకరు సమయం కాయాలి. ఎన్ని గంటలకు వెనక్కి తిరగాలో బయలుదేరక ముందే నిర్ణయించుకుని, ఆ గంట కాగానే, "ఇంకొంచెం ముందుకు పోదాం" అని ఎంత అనిపించినా, తిరగాలి.

భారత సర్వే విభాగం 1:50,000 కొలతతో వేసిన పటాల్లో చాలావాటిని ఆ విభాగం పోర్టల్‌లో ఉచితంగా తీసుకోవచ్చు. ఆ కొలతలో పటం మీది 2 సెంటీమీటర్లు నేల మీది ఒక కిలోమీటరు. వాటిని ముందే ముద్రించి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, ప్రతి జట్టుకూ ఇవ్వాలి. ఫోన్‌లోని పటం సిగ్నల్ లేనిచోట తెరవకపోవచ్చు. జీపీఎస్ అంకెలు చెప్పేటప్పుడు అందరూ ఒకే పద్ధతి వాడాలి. అక్షాంశం 16.0753 డిగ్రీలు అన్నా, 16 డిగ్రీల 4.518 నిమిషాలు అన్నా ఒకటే చోటు. కానీ 16.0753ను ఎవరైనా 16 డిగ్రీల 7.53 నిమిషాలుగా విని రాసుకుంటే, సాయానికి వచ్చే జట్టు ఉత్తరాన 5 కిలోమీటర్లకు పైగా దూరం పోయి వెతుకుతుంది. ప్రాణం నిలిచేదీ పోయేదీ ఇలాంటి పొరపాట్ల మీదనే. సంఖ్యను చెప్పి, అవతలివారి చేత తిరిగి చెప్పించుకోవాలి.

ప్రతి ఒక్కరి దగ్గరా విజిల్, తలకు కట్టుకునే లైటు, విడి బ్యాటరీలు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, గట్టి బూట్లు, మందపాటి ప్యాంటు, టవలు, కొంచెం పప్పుండలు, వేసవిలోనైతే తలా 4 లీటర్ల నీళ్లు ఉండాలి. సొంత నీళ్లు లేనివారిని, చెప్పులతో వచ్చినవారిని, మద్యం తాగినవారిని నిర్మొహమాటంగా వెనక్కి పంపాలి. బయలుదేరేటప్పుడు పేరు, ఫోన్ నంబరు, సమయం పుస్తకంలో రాయాలి. తిరిగి వచ్చాక కొట్టివేయాలి.

ఎలుగుబంట్లు తెల్లవారుజామున, సాయంత్రం ఎక్కువ తిరుగుతాయి, ఎదురుపడితే పులి కంటే అవే ఎక్కువ ప్రమాదం. మాట్లాడుకుంటూ నడిస్తే అవి ముందుగానే తప్పుకుంటాయి. ఎదురైతే పరుగెత్తకూడదు, జట్టు విడిపోకుండా ఒకచోట చేరి మెల్లగా వెనక్కి జరగాలి.

వరస కట్టి గాలించడం

తొలి జట్లకు జాడ చిక్కకపోతే, అధికారులు నిర్ణయించిన తర్వాత, నేలను ముక్కలుగా పంచుకుని వరస కట్టి గాలించాలి. వాగు, గట్టు, కాలిదారి వంటి కంటికి కనపడే హద్దులతో ముక్కలు చేయాలి. పటం మీద స్కేలుతో గీసిన గీతను అడవిలో ఎవరూ గుర్తుపట్టలేరు.

మనిషికీ మనిషికీ మధ్య ఎంత దూరం ఉండాలన్నది అందరూ అడిగే ప్రశ్న, దానికి ఒకే జవాబు లేదు. మార్చిలో ఆకు రాలిన టేకు, నల్లమద్ది చెట్ల మధ్య చాలా దూరం కనపడుతుంది. అక్టోబరులో నిలువెత్తు గడ్డిలో నాలుగడుగుల అవతల పడి ఉన్న మనిషి కూడా కనపడడు. అందుకే ఆ చోటనే కొలిచి తెలుసుకోవాలి. తప్పిపోయిన మనిషి బట్టల రంగుకు దగ్గరగా ఉన్న సంచిని నేల మీద పెట్టి, దూరం నుంచి దానివైపు నడుస్తూ అది మొదట కనపడిన చోటు గుర్తించాలి. మళ్లీ వెనక్కి నడుస్తూ అది కనుమరుగైన చోటు గుర్తించాలి. రెండుమూడు దిక్కుల నుంచి ఇలా చేసి సగటు తీసి, ఆ సగటు దూరాన్ని ఇద్దరి మధ్య ఎడంగా పెట్టుకోవాలి. పది నిమిషాల పని, కానీ రోజంతటి శ్రమ దీని మీదే నిలుస్తుంది.

వరసలో నడిచేటప్పుడు సైనికుల్లా బారు తప్పకుండా నడవాలని పట్టు పట్టడం వల్ల అందరి చూపూ పక్కవాడి మీదే ఉంటుంది, నేల మీద ఉండదు. తన వంతు వెడల్పులో ప్రతి మనిషీ అటూ ఇటూ తిరిగి పొద వెనక, బండ కింద, పడిపోయిన మాను పక్కన చూడాలి. పదడుగులకొకసారి వెనక్కి తిరిగి చూడాలి, ఎందుకంటే ఎదురు నుంచి దాగినది వెనక నుంచి కనపడుతుంది. చూడవలసింది మనిషిని మాత్రమే కాదు. చెప్పు, కండువా ముక్క, బీడీ పీక, బిస్కెట్ కాగితం, ఒకే ఎత్తులో విరిగిన కొమ్మలు. ఒక మనిషి ఒక్కచోటే ఉంటాడు, అతని ఆనవాళ్లు మాత్రం దారి పొడవునా ఉంటాయి.

ప్రతి పావుగంటకూ జట్లన్నీ ఒకే క్షణాన ఆగి విజిల్ ఊది, పేరు పెట్టి పిలిచి, ఒక నిమిషం పూర్తిగా మౌనంగా ఉండాలి. ఆ మౌనం పిలుపు కంటే ముఖ్యం. దప్పికతో గొంతు ఎండిపోయిన మనిషి అరవలేడు, రాయి మీద రాయి కొట్టగలడేమో; ఆ చిన్న చప్పుడు వినాలంటే అందరి నోళ్లూ, అడుగులూ ఆగాలి.

గాలించిన ముక్కను "అయిపోయింది" అని పటం మీద కొట్టేయడం మరో పొరపాటు. ఒక్కసారి గాలించినప్పుడు కనిపెట్టే అవకాశం సగమైతే, వేరే జట్టు మళ్లీ గాలిస్తే అది 75 శాతం, మూడోసారికి 87.5 శాతం అవుతుంది. నూరు ఎప్పటికీ కాదు. మొదట మన అంచనాలో మనిషి వాగువైపు ఉండే అవకాశం 50 శాతం, గుట్టవైపు 30, పొలాలవైపు 20 అనుకుందాం. వాగును నూటికి 80 పాళ్లు నమ్మకంగా గాలించినా దొరకలేదు. అప్పుడు వాగు వంతు 10కి పడిపోతుంది, మిగిలిన మొత్తం 60. ఆ అరవైలో గుట్ట వంతు సగం, పొలాల వంతు మూడోవంతు, వాగుది ఇంకా ఆరోవంతు ఉంటుంది. అంటే మరునాడు ఉదయం బలగమంతా గుట్టవైపు కదలాలి, కానీ వాగును పూర్తిగా మరచిపోకూడదు. సాయంత్రం పటం ముందు కూర్చుని ఈ లెక్క వేసుకోకపోతే, నిన్న వెతికిన చోటే ఇవాళా వెతుకుతూ ఉంటాం.

పైనుంచి చూస్తే చాలదా అని అడిగేవారుంటారు. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ నల్లమల మీద కనపడకుండా పోయినప్పుడు వాయుసేన, ఇస్రో, కేంద్ర బలగాలు, పోలీసులు, అడవి తెలిసిన స్థానికులు అందరూ గాలింపులో దిగినా, పావురాలగుట్ట మీద శకలాలు కనపడింది మరునాడు ఉదయమే. అంత పెద్ద యంత్రమే అలా దాగితే, మోదుగు చెట్టు కింద ముడుచుకుని కూర్చున్న ఒక మనిషి పైనుంచి కనపడటం ఎంత కష్టమో ఊహించవచ్చు. డ్రోన్లు మైదానంలో, రాళ్ల మీద, రాత్రి వేడిని గుర్తించే కెమెరా ఉంటే చల్లని వేళలో బాగా పని చేస్తాయి. వాటిని కూడా అధికారుల అనుమతితోనే ఎగరేయాలి.

మనిషి దొరికినప్పుడు

దొరికిన క్షణంలో జట్టు కేక వేసి చుట్టూ మూగుతుంది. దాన్ని నాయకుడు ఆపాలి. ఒకరిద్దరే దగ్గరికి వెళ్లాలి. మిగిలినవారు జీపీఎస్ అంకెలు రాసి, గాలింపు కేంద్రానికి చెప్పి, మోసుకుపోవడానికి దారి చూడాలి. భయంతో ఉన్న పిల్లల దగ్గరికి కింద కూర్చుని, పేరు పెట్టి పలకరిస్తూ వెళ్లాలి.

శ్వాస, రక్తస్రావం, స్పృహ ఈ వరసలో చూడాలి. ఎత్తు నుంచి పడ్డారన్న అనుమానం ఉంటే, ప్రాణాపాయం ముంచుకొస్తే తప్ప, మెడనూ నడుమునూ కదపకూడదు. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయడం మన ఊళ్లలో జాలితో చేసే పని, అది ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం తీయగలదు. స్పృహ ఉంటే ఓఆర్‌ఎస్ గుక్క గుక్కగా ఇవ్వాలి. రెండుమూడు రోజులు తిండి లేనివారికి ఆనందంతో పులిహోర పెట్టకూడదు. వైద్యుడు చూసే దాకా కొద్దికొద్దిగా పలచని ఆహారమే. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ ఉంటే అది వడదెబ్బ. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడిపి విసరాలి. మెడ, చంకలు, గజ్జల్లో తడిబట్టలు పెట్టాలి. వానలో తడిసి వణుకుతుంటే తడిబట్టలు మార్చి, పొడి దుప్పటి చుట్టాలి. పాము కాటైతే కోయడం, పీల్చడం, తాడుతో బిగించడం మూడూ కూడదు. కాలినో చేతినో కర్ర కట్టి కదలకుండా ఉంచి, కాటు వేసిన సమయం రాసి, 108కు చెప్పి, విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి మోసుకుపోవాలి. నడిపించకూడదు.

మోయడం చూసినంత తేలిక కాదు. డోలీకి ఒకసారికి ఆరుగురు కావాలి, ఎత్తుపల్లాల్లో కొన్ని నిమిషాలకే చేతులు మారాలి, కాబట్టి కిలోమీటరు పైబడిన దూరానికి పద్దెనిమిది మందిని సిద్ధం చేయాలి. వరసలో నడిచి అలసిపోయినవారిని కాక, ఈ పనికోసం రోడ్డు దగ్గర విశ్రాంతిగా ఉంచినవారిని పిలవాలి. నిటారు లోయలో, నిండు వాగులో ఉన్నవారి దగ్గరికి తాళ్లు కట్టి దిగే సాహసం స్వచ్ఛంద కార్యకర్తలు చేయకూడదు. అది రాష్ట్ర విపత్తు దళం పని, అవసరమైతే జిల్లా యంత్రాంగం విజయవాడ దగ్గరి కొండపావులూరులో ఉన్న జాతీయ విపత్తు స్పందన దళం 10వ బెటాలియన్‌ను పిలిపిస్తుంది. ఆ లోపు మనం మాట్లాడుతూ, ధైర్యం చెబుతూ, కనపడే చోట ఉండాలి.

ప్రాణం లేని దేహం దొరికితే ఎవరూ తాకకూడదు, ఫొటోలు తీయకూడదు, వాట్సాప్‌లో పెట్టకూడదు. వచ్చిన దారినే వెనక్కి వచ్చి, ఇద్దరిని దూరంగా కాపలా ఉంచి పోలీసులకు చెప్పాలి, పంచనామా వారిది. కుటుంబానికి ఆ కబురు ఫోన్‌లో కాక, ఎదురుగా కూర్చుని, అధికారి సమక్షంలో, ఊళ్లో వారికి దగ్గరైన పెద్ద చెప్పాలి. వాకీటాకీలో ఆ మాట బహిరంగంగా అనకుండా ఉండటానికి ముందే ఒక సంకేతపదం అనుకోవాలి, ఎందుకంటే సెట్ పక్కనే తల్లి కూర్చుని ఉండవచ్చు.

ముగించే రోజు, ఆ తర్వాత

గాలింపును ఎప్పుడు ఆపాలన్నది అధికారుల నిర్ణయం. ఎన్ని ముక్కలు ఎన్నిసార్లు గాలించామో రాసిన కాగితాలు ఉంటేనే కుటుంబానికి న్యాయంగా జవాబు చెప్పగలుగుతాం. ఆ కాగితాల నకలు ఒకటి ఠాణాలో, ఒకటి రేంజ్ ఆఫీసులో ఉంచాలి. తునికాకు కోతకు మనుషులు మళ్లీ అడవిలోకి వెళ్లే వేళ కొత్త జాడ దొరికితే ఆ పటమే తిరిగి మొదలుపెట్టే చోటవుతుంది.

ఏడాదికి రెండుసార్లు, శివరాత్రికి ముందు ఒకసారి, వానలకు ముందు ఒకసారి, జట్టు కలిసి సాధన చేయాలి. ఒకరు దాక్కుని మిగిలినవారు వెతకడం, జీపీఎస్ అంకెలు చెప్పించుకోవడం, డోలీ మోయడం, ప్రథమ చికిత్స ఇవన్నీ చేతులతో చేసి చూస్తేనే ఒంటబడతాయి. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ఆపద మిత్ర పథకం కింద జిల్లాల్లో స్వచ్ఛంద కార్యకర్తలకు శిక్షణ ఇస్తోంది. కలెక్టరేట్‌లోని విపత్తు నిర్వహణ విభాగంలో అడిగి పేర్లు ఇవ్వాలి.

చివరి జట్టు బయటికి వచ్చాక కూడా ఒక పని మిగిలి ఉంటుంది. చెట్లకు కట్టిన గుర్తు గుడ్డలన్నీ విప్పి తేవాలి, లేకపోతే మరుసటి గాలింపులో అవే తప్పుదారి పట్టిస్తాయి. నీళ్ల సీసాలు, కాగితాలు ఏరాలి. కాపలా ఉన్న చప్టాల దగ్గరికి మనిషిని పంపి, కబురు అందనివారిని పిలుచుకురావాలి. చెంచు పెద్దలను వాహనంలో పెంట వరకు దింపి రావాలి. ఆ తర్వాత పుస్తకం తెరిచి, ఉదయం రాసిన ప్రతి పేరూ కొట్టివేసి ఉందో లేదో ఇద్దరు కలిసి చదవాలి. ఒక్క పేరు మిగిలినా ఎవరూ ఇంటికి పోకూడదు.